స్నేహితులతో మల్ దీవిలో పక్షుల సెలవు: తరచుగా అడిగే ప్రశ్నలు

"సెలవు పెట్టి, వీసా తీసుకుని, అంత దూరం పోయి చూసేది పిట్టలనా?" అని అడిగేవాళ్ళ కోసం కాదిది. వెళ్దామని దాదాపు నిర్ణయించేసుకుని, వాట్సాప్ గ్రూపు కూడా పెట్టేసుకుని, ఆ గ్రూపులో రోజుకో కొత్త ప్లాన్ పుట్టుకొస్తుంటే తలపట్టుకున్నవాళ్ళ కోసం. ఇక్కడ చెప్పేదంతా స్కాట్లండ్ పడమటి తీరంలో ఉన్న మల్ దీవి గురించే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: వారం రోజులు ఒక్క దీవిలోనే ఉండండి, ఎడిన్‌బరో, ఇన్వర్‌నెస్, స్కై అన్నీ అదే వారంలో ఇరికించకండి. ఈ ఒక్క మాట దగ్గరే గ్రూపులో గొడవ మొదలవుతుంది, నాకు తెలుసు.

ఇన్ని దీవులుండగా మల్ ఎందుకు?

చలికాలంలో గ్రీన్‌లాండ్ నుంచి వేలాదిగా దిగే బార్నకిల్ పెద్దబాతులు చూడాలంటే ఐలా దీవికి వెళ్ళాలి. సముద్రపక్షుల పిచ్చి బాగా ముదిరితే షెట్లాండ్, కానీ దానికి అబర్‌డీన్ నుంచి రాత్రంతా ఓడలో పోవాలి. మొదటిసారి స్నేహితులతో, అందులోనూ సగం మంది బైనాక్యులర్లు పట్టుకోవడమే కొత్త అయినప్పుడు, మల్ సుఖం. గ్లాస్గోలో పొద్దున బయల్దేరితే సాయంత్రానికి అక్కడుంటారు. బ్రిటన్‌లో ఉన్న రెండు ఈగిల్ జాతులూ, అంటే తెల్లతోక గద్ద, గోల్డెన్ ఈగిల్, ఒకే రోజు కనిపించే అవకాశం ఉన్న చోటు. పడవెక్కితే రంగురంగుల ముక్కున్న పఫిన్లు, ఇంకో పడవెక్కితే గడ్డిలో దాక్కునే కార్న్‌క్రేక్ పిట్ట, రోడ్డు పక్కన తీరంలో ఆటర్లు, అంటే నీటికుక్కలు. దీవి విస్తీర్ణం 875 చదరపు కిలోమీటర్లు, జనం మూడు వేల ప్రాంతంలో, తీరరేఖ మాత్రం లోపలికీ బయటికీ వంకరలు తిరిగి 480 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఆ వంకరల్లోనే పక్షులు.

ఎప్పుడు వెళ్ళాలి?

మే రెండో సగం నుంచి జూన్ రెండో వారం దాకా. వేరే ఆలోచన వద్దు. పఫిన్లు ఏప్రిల్ నుంచే గట్టు మీదికి వస్తాయి, ఆగస్టు మొదటి వారానికల్లా సముద్రంలోకి వెళ్ళిపోతాయి. ఆగస్టు సెలవుల్లో వెళ్ళి "ఏవీ పఫిన్లు?" అని పడవవాణ్ణి అడిగితే అతనేం చేస్తాడు పాపం. కార్న్‌క్రేక్ గట్టిగా అరిచేది మే, జూన్‌లలో. ఈగిల్ గూళ్ళలో పిల్లలుండేదీ అప్పుడే, కాబట్టి పెద్దపక్షులు మేత కోసం రోజంతా తిరుగుతుంటాయి. పైగా మిడ్జెస్ అనే ఆ చిన్న పురుగుల బెడద (దాని గురించి కింద విడిగా ఏడ్చాను) పూర్తిగా ముదరదు.

ఇంకొకటి, జూన్‌లో పొద్దు పొడిచేది నాలుగున్నరకి, కుంకేది రాత్రి పది దాటాక. దీనివల్ల పొద్దున్నే లేవలేని స్నేహితులకి కూడా న్యాయం జరుగుతుంది. సాయంత్రం ఎనిమిదికి భోంచేసి బయల్దేరినా రెండు గంటల వెలుతురు మిగిలే ఉంటుంది.

వారమంతా ఒకే దీవిలోనా? బోర్ కొట్టదా?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళు దీవి అంటే ట్యాంక్‌బండ్ మీద నుంచి బుద్ధవిగ్రహం దాకా ఉండే దూరం అనుకుంటారు. క్రేగ్‌న్యూర్ రేవులో దిగి నైరుతి కొసన ఉన్న ఫియోన్‌ఫోర్ట్ చేరడానికే గంట దాటుతుంది, అదీ మధ్యలో ఎక్కడా ఆగకపోతే. ఆగకుండా పోవడం మీ వల్ల కాదు.

అసలు సంగతి వాతావరణం. పఫిన్ పడవ మంగళవారం అనుకుంటారు, ఆ రోజు అలలు ఎక్కువని రద్దవుతుంది, బుధవారం వాన, గురువారం అద్దంలా సముద్రం. నాలుగు రోజుల ప్లాన్ వేసుకున్నవాళ్ళు మంగళవారం మొహం వేలాడేసుకుని వెళ్ళిపోతారు. వారం ఉన్నవాళ్ళు గురువారం వెళ్ళి వస్తారు. అందుకే పడవని వారం మొదట్లోనే బుక్ చేసి, చివర్లో ఒక రోజు ఖాళీగా పెట్టుకోండి. అక్కడి అద్దె కాటేజీలు చాలావరకు శనివారం నుంచి శనివారం లెక్కనే ఇస్తారు, కాబట్టి ఎలాగూ వారమే.

హైదరాబాద్ నుంచి ఎలా చేరాలి?

స్కాట్లండ్‌కి వేరే వీసా ఉండదు, బ్రిటన్ విజిటర్ వీసాయే. గ్లాస్గో దాకా విమానంలో వచ్చేయండి, అక్కణ్ణుంచి ఓబన్ ఊరికి రైలు మూడు గంటల పైచిలుకు. కారులో అయితే లాక్ లోమండ్ సరస్సు పక్కనుంచి రెండున్నర గంటలు. ఓబన్ రేవు నుంచి క్రేగ్‌న్యూర్‌కి ఫెర్రీ, దాదాపు 50 నిమిషాలు.

ఓబన్‌లో ఫెర్రీ కోసం ఎదురుచూసేటప్పుడు కాఫీషాపులో కూర్చోకండి. రేవు గోడ దగ్గరికి వెళ్ళి కిందికి చూడండి. ఒళ్ళంతా నల్లగా, రెక్క మీద తెల్లటి పెద్ద మచ్చతో, ఎర్రటి కాళ్ళతో చిన్న పక్షి నీళ్ళ మీద తేలుతూ ఉంటుంది. బ్లాక్ గిల్లెమాట్. ఆ రేవు గోడ కన్నాల్లోనే గూళ్ళు పెడుతుంది. బస్సులూ లారీలూ వెనక రొద పెడుతుంటే అది నోరు తెరిచి ఈల వేస్తుంది, అప్పుడు నోటి లోపల కూడా ఎర్రగా కనిపిస్తుంది. సెలవు ఇంకా మొదలే కాలేదు, మొదటి పక్షి జాబితాలోకి ఎక్కేసింది.

ఫెర్రీలో కూడా లోపల సీట్లు పట్టుకునే హడావిడి వద్దు, చలేసినా పైడెక్ మీదే నిలబడండి. గానెట్లు అనే పెద్ద సముద్రపక్షులు నిటారుగా సముద్రంలోకి దూకడం అక్కడి నుంచే చూడొచ్చు. క్రేగ్‌న్యూర్ దగ్గరపడే ముందు ఎడమవైపు కొండకొమ్మున కనిపించే కోట డూఆర్ట్, మెక్‌లీన్ వంశం వాళ్ళది.

ఫెర్రీ టికెట్ ముందే తీసుకోవాలా?

కారుతో అయితే తప్పకుండా, అదీ నెలల ముందు. వేసవిలో కార్ల చోటు నిండిపోతుంది. నడిచి ఎక్కేవాళ్ళకి అంత టెన్షన్ లేదు. కాటేజీ దొరికిన రోజే ఫెర్రీ కూడా బుక్ చేసెయ్యండి, రెంటినీ వేర్వేరు మనుషులకి అప్పజెప్పకండి.

కారు తప్పనిసరా? ఆ రోడ్లు భయంకరంగా ఉంటాయంటారే?

బస్సులున్నాయి, కానీ బస్సులో పోతూ "అదిగో గద్ద, ఆపండి" అనలేం కదా. నలుగురు ఉంటే కారే మేలు. మన దగ్గరలాగే ఎడమవైపు నడపడం కాబట్టి అలవాటుకి ఇబ్బంది లేదు, మన లైసెన్స్‌తో విజిటర్‌గా 12 నెలల దాకా నడపొచ్చు, అద్దె కంపెనీ షరతులు మాత్రం విడిగా చూసుకోండి. గేర్ల కారు వద్దనుకుంటే ఆటోమేటిక్ అని ముందే అడగాలి.

రోడ్లు భయంకరం కాదు, సన్నం. చాలావరకు ఒకే వాహనం పట్టే రోడ్లు, ప్రతి కొంత దూరానికీ పక్కకి తప్పుకోవడానికి చిన్న జాగా, దాని పక్కన బోర్డు. ఎదురుగా బండి వస్తే, జాగా మీ ఎడమవైపు ఉంటే అందులోకి తప్పుకోవాలి, కుడివైపు ఉంటే మీ రోడ్డు మీదే దాని ఎదురుగా ఆగాలి, అవతలి బండి ఆ జాగాలోంచి చుట్టి పోతుంది. అడ్డంగా కుడివైపుకి దూరకూడదు. వెనక ఎవరైనా తొందరలో ఉంటే కూడా అదే జాగాలో వాళ్ళని ముందుకి పోనివ్వాలి. దాటాక స్టీరింగ్ మీంచి చెయ్యి కొంచెం పైకెత్తుతారు, మీరూ ఎత్తండి.

పక్షులు చూసేవాళ్ళకి దీవిలో చెడ్డపేరు వచ్చేది ఒకే ఒక్క పని వల్ల, ఆ జాగాలో కారు ఆపేసి టెలిస్కోప్ బిగించడం. ఆ రోడ్డు మీదే డాక్టరు పోవాలి, గొర్రెల లారీ పోవాలి, స్కూల్ బస్సు పోవాలి. ఈగిల్ నెత్తిన ఎగురుతున్నా సరే, ముందుకెళ్ళి నిజమైన పార్కింగ్ చోటు చూసుకుని వెనక్కి నడవండి. గొర్రెలు రోడ్డు మధ్యలో పడుకుంటాయి, హారన్ కొడితే లేవవు, ఆగి చూస్తుంటే వాటికే విసుగొచ్చి లేస్తాయి.

ఈగిల్స్ గ్యారంటీగా కనిపిస్తాయా?

గ్యారంటీ ఎవరూ ఇవ్వరు, ఇచ్చేవాణ్ణి నమ్మకండి. కానీ మల్‌లో వారం ఉండి తెల్లతోక గద్ద కనిపించకుండా వచ్చారంటే మీరు కాటేజీలో పేకాట ఆడినట్టే. లాక్ నా కీల్ అనే సముద్రపు పాయ ఒడ్డున పార్కింగ్ చోట్లున్నాయి, ఏదో ఒకచోట రెండు గంటలు కూర్చోండి. ఊరికే కూర్చోవడమంటే మనవాళ్ళకి మహా కష్టం, అరగంటకే "ఇంకో చోటికి పోదామా" అంటారు. పోకండి. నీళ్ళ మీది గల్స్ అనే సముద్రపక్షులన్నీ ఒక్కసారిగా లేచి అరవడం మొదలెడితే అప్పుడు పైకి చూడాలి. గద్దని మనకంటే ముందు అవే పసిగడతాయి.

గూటి దగ్గరికి మనంతట మనం వెతుక్కుంటూ పోవడం తప్పు. మల్ ఈగిల్ వాచ్ అని అక్కడ రేంజర్లు దూరం నుంచి, గూటికి ఇబ్బంది లేకుండా టెలిస్కోపుల్లో చూపించే ఏర్పాటు ఉంది, ముందే బుక్ చేసుకోవాలి. కొత్తవాళ్ళు మొదటి రోజే దీనికి వెళ్తే మిగతా వారమంతా పనికొచ్చే విషయాలు తెలుస్తాయి.

తెల్లతోక గద్దకీ గోల్డెన్ ఈగిల్‌కీ తేడా ఎలా తెలుస్తుంది?

తెల్లతోక గద్ద రెక్కలు చాపితే రెండున్నర మీటర్లకి కాస్త తక్కువ. రెక్కలు వెడల్పు, ఎగిరేటప్పుడు దాదాపు సమంగా ఉంటాయి, తోక పొట్టి, ముక్కు పెద్దది, పసుపుపచ్చగా, దూరం నుంచి కూడా కనిపిస్తుంది. తోక తెల్లగా ఉండేది పెద్దవాటికే, పిల్లలకి గోధుమ రంగే, కాబట్టి తోక రంగు ఒక్కటే చూసి తేల్చకండి. గోల్డెన్ ఈగిల్ కొండ అంచుల్లో తిరుగుతుంది, తోక పొడుగు, తేలేటప్పుడు రెక్కలు కొంచెం పైకెత్తి పట్టుకుంటుంది.

ఇక కరెంటు స్తంభం మీద తీరిగ్గా కూర్చుని మీకు ఫొటో ఇచ్చినది ఈ రెండూ కాదు, బజర్డ్ అనే ఇంకో పక్షి. కొత్తవాళ్ళంతా దాన్నే ఈగిల్ అనుకుంటారని స్కాట్లండ్‌లో దానికి టూరిస్ట్ ఈగిల్ అనే పేరు కూడా ఉంది. గ్రూపులో మొదటి రోజు దీని మీద పందేలు పెట్టుకోవచ్చు, మంచి సరదా.

ఒకప్పుడు తెల్లతోక గద్దలు బ్రిటన్‌లో పూర్తిగా అంతరించాయట, నిజమేనా?

నిజమే. గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతాయని, మనుషులు వేటాడుకునే పక్షుల్ని తింటాయని కాల్చారు, విషం పెట్టారు, గుడ్లు సేకరించే సరదా ఉన్నవాళ్ళు మిగతావి కానిచ్చారు. బ్రిటన్‌లో ఆఖరిదాన్ని 1918లో షెట్లాండ్‌లో కాల్చేశారు. 1975లో నార్వే నుంచి పిల్లల్ని తెచ్చి మల్‌కి ఉత్తరాన ఉన్న రమ్ దీవిలో వదలడం మొదలెట్టారు. పదేళ్ళ పాటు, మొత్తం 82 పక్షుల్ని. 1985లో మల్ దీవి మీద మొదటి పిల్ల గూటి నుంచి ఎగిరింది. మీరు లాక్ నా కీల్ దగ్గర చూసేది ఆ నార్వే పక్షుల సంతానాన్నే.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఈ గద్దల కోసం వచ్చేవాళ్ళ వల్ల దీవికి ఏటా 50 లక్షల పౌండ్ల ప్రాంతంలో ఆదాయం వస్తుందని బ్రిటన్ పక్షి సంరక్షణ సంస్థ ఆర్‌ఎస్‌పీబీ అంచనా. కానీ ఆ డబ్బు కాటేజీలకీ పడవలకీ వెళ్తుంది, గొర్రెపిల్లలు పోయేది గొర్రెల కాపరికి. పడమటి తీరంలో కొంతమంది రైతులు ఇప్పటికీ కోపంగానే ఉన్నారు, వాళ్ళకి సాయం చేసే ప్రభుత్వ పథకం ఒకటి నడుస్తోంది. పబ్‌లో పక్కన కూర్చున్న ముసలాయన గద్దల్ని తిడితే వెంటనే వాదనకి దిగకండి, ఆయన చెప్పేది కాసేపు వినండి. నాకైతే పక్షుల గురించి తెలిసిన మంచి విషయాలు సగం అలాంటివాళ్ళ దగ్గరే తెలిశాయి.

పఫిన్లు మల్‌లోనే ఉంటాయా?

ఉండవు. మల్‌కి పడమరగా ట్రెష్‌నిష్ దీవులున్నాయి, అందులో లుంగా అనే దీవికి పడవలో వెళ్ళాలి. పేరు విని నవ్వుకోవడం అయిపోయాక ముందుకెళ్దాం. పడవలు టోబర్‌మోరీ నుంచి, ఉల్వా ఫెర్రీ దగ్గర నుంచి, ఫియోన్‌ఫోర్ట్ నుంచి బయల్దేరతాయి. చాలా పడవలు దారిలో స్టాఫా దీవిలో కూడా దింపుతాయి.

లుంగాలో రాళ్ళ మీంచి జాగ్రత్తగా నడిచి, చిన్న ఏటవాలు ఎక్కితే పైన పచ్చిక మైదానం. అక్కడ మనవాళ్ళు చేసే మొదటి పని పఫిన్ల వెంట పరిగెత్తడం. అవసరం లేదు. గట్టు అంచుకి కొంచెం ఇవతల కూర్చోండి చాలు, అవే మీ దగ్గరికొచ్చి దిగుతాయి. మనుషులుంటే గల్స్ దగ్గరికి రావు, గల్స్ లేకపోతే పఫిన్ల నోట్లోని చేపలు భద్రం, అందుకని మనం ఉన్నప్పుడే అవి ధైర్యంగా గట్టెక్కుతాయి.

మొదట ఆశ్చర్యపరిచేది వాటి సైజు. ఫొటోల్లో చూసి ఎంతో పెద్దవనుకుంటాం, తీరా చూస్తే 30 సెంటీమీటర్ల లోపే. సముద్రం వైపు నుంచి రెక్కలు టపటపలాడిస్తూ వచ్చి, నారింజ రంగు కాళ్ళు రెండూ వెడల్పుగా చాపి ధబ్బున దిగుతుంది. ముక్కుకి అడ్డంగా అరడజను సన్నటి వెండి చేపలు వేలాడుతుంటాయి, తలలన్నీ ఒకవైపు కాదు, అటూ ఇటూ. ఎడమకి చూస్తుంది, కుడికి చూస్తుంది, మీ బూటు వైపు ఒకసారి చూస్తుంది, నాలుగడుగులు గబగబా నడిచి బొరియలోకి మాయమైపోతుంది. లోపల ఉండేది ఒక్కటే పిల్ల, జంటకి ఏడాదికి ఒక్కటే గుడ్డు. ఆ రంగురంగుల ముక్కు వేసవికే, చలికాలంలో పై తొడుగు రాలిపోయి బూడిదరంగులో, సన్నగా అయిపోతుంది.

బొరియలు పచ్చిక కిందే, పైన మట్టి పల్చగా ఉంటుంది, కాలు వేస్తే కూలి పిల్ల లోపలే చచ్చిపోతుంది. బాట వదలకండి. ఓపిక ఉంటే దీవి చివరి దాకా నడిచి హార్ప్ రాక్ చూడండి, అక్కడ గిల్లెమాట్లు, రేజర్‌బిల్లులు, కిట్టివేక్‌లు అనే సముద్రపక్షులు అంతస్తులు అంతస్తులుగా కొండ గోడంతా పరుచుకుని ఉంటాయి. వాసన మాత్రం ఘోరం, ముందే చెప్తున్నా.

పెద్దవాళ్ళు, పిల్లలు ఎక్కగలరా?

మోకాళ్ళ నొప్పులుంటే కష్టం. పడవ దిగాక రాళ్ళు తడిగా, జారుడుగా ఉంటాయి. చురుకైన పిల్లలకి ఫర్వాలేదు, గట్టు అంచుల దగ్గర చెయ్యి వదలకూడదు. దీవి మీద టాయిలెట్ లేదు.

కార్న్‌క్రేక్ అంటే ఏంటి, అందరూ దాని గురించే మాట్లాడతారేం?

మన నీటికోళ్ళ కుటుంబానిదే, కానీ నీళ్ళలో కాకుండా గడ్డిలో ఉంటుంది. పిట్ట కొంచెం కూత ఘనం అన్న సామెత దీన్ని చూసే పుట్టిందా అనిపిస్తుంది. దువ్వెన పళ్ళ మీద గోరుతో రెండుసార్లు బరికితే వచ్చే శబ్దం, అదే మళ్ళీ, మళ్ళీ, రాత్రంతా. చలికాలం ఆఫ్రికాలో గడిపి ఏప్రిల్‌లో తిరిగొస్తుంది. బ్రిటన్‌లో ఒకప్పుడు ఊరూరా ఉండేది, గడ్డి కోసే యంత్రాలొచ్చాక గూళ్ళూ పిల్లలూ వాటి కిందే పోయి, ఇప్పుడు ఈ పడమటి దీవుల్లో, ఇంకొన్ని చోట్ల మిగిలింది. అందుకే ఇక్కడ చాలామంది రైతులు గడ్డి ఆలస్యంగా కోస్తారు, అదీ పొలం మధ్య నుంచి మొదలెట్టి అంచుల వైపు, పిల్లలు తప్పించుకుపోవడానికి వీలుగా.

దీని కోసం అయోనా దీవికి వెళ్ళాలి. ఫియోన్‌ఫోర్ట్ నుంచి పది నిమిషాల ఫెర్రీ, సందర్శకుల కార్లు ఒప్పుకోరు. సెయింట్ కొలంబా 563లో వచ్చి మఠం పెట్టిన చోటు కాబట్టి జనమంతా చర్చి వైపు నడుస్తారు, మీరు దురదగొండి లాంటి నెటిల్ మొక్కలు, పసుపు ఐరిస్ పొదలు గుబురుగా ఉన్న మూలల దగ్గర గోడ బయట నిలబడండి. వినిపించడం తేలిక, కనిపించడం కష్టం. ఫోన్‌లో దాని కూత పెట్టి పిలవకండి, వేరే మగపక్షి వచ్చిందనుకుని అది తిండి మానేసి కంగారుపడుతుంది. గోడ దూకి పొలంలోకి వెళ్ళడం అసలే వద్దు. గంట నిలబడ్డాక ఒక్క క్షణం మెడ పైకెత్తితే చాలు, అదే దర్శనం.

బైనాక్యులర్లు ఏవి కొనాలి?

8x42, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపించే, ముందు అద్దం 42 మిల్లీమీటర్లున్నవి. సేల్స్‌మన్ 20x అని ఏదో అంటగట్టబోతే వద్దనండి, అంత పెద్దగా చూపించేది చేతిలో వణుకుతూనే ఉంటుంది. కళ్ళద్దాలున్నవాళ్ళు కంటికి ఆనించే రబ్బరు కప్పుల్ని లోపలికి తిప్పేసి అద్దాలతోనే చూడాలి, ఇది తెలియక చాలామంది నల్లటి గుండ్రాలు తప్ప ఏమీ కనిపించలేదని పక్కన పెట్టేస్తారు. మనిషికొక జత ఉండాలి. "మేమిద్దరం ఒకటి పంచుకుంటాం" అనే జంటలు మూడో రోజుకి మాట్లాడుకోవడం మానేస్తారు. టెలిస్కోప్ గ్రూపు మొత్తానికి ఒకటి చాలు. గుర్తుపట్టడానికి మెర్లిన్ యాప్‌లో బ్రిటన్ పక్షుల ప్యాక్ ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకోండి.

మా గ్రూపులో సగం మందికి పక్షులంటే ఆసక్తి లేదు. వాళ్ళేం చేస్తారు?

వాళ్ళని మార్చాలని చూడకండి, అదే ముఖ్యం. టోబర్‌మోరీ రేవు వెంట రంగురంగుల ఇళ్ళున్నాయి, 1798 నాటి విస్కీ డిస్టిలరీ ఉంది, కల్గరీలో తెల్లటి ఇసుక బీచ్ ఉంది, 966 మీటర్ల బెన్ మోర్ కొండ ఉంది. స్టాఫాలో ఆరుపలకల రాతిస్తంభాల మధ్య ఫింగల్స్ కేవ్ ఉంది, 1829లో సంగీతకారుడు మెండెల్సన్ వచ్చింది దానికే.

పొద్దున్న పదింటి దాకా ఎవరిష్టం వాళ్ళది, పడవ రోజు మాత్రం అందరూ కలిసి, రాత్రి భోజనం కలిసి. ఇంతకు మించి రూల్స్ పెడితే చిరాకులే. ఒక చిట్కా చెప్తాను, ఆసక్తి లేదన్నవాళ్ళకి ఆటర్లని వెతికే పని అప్పజెప్పండి. కోరింగ మడ అడవుల్లో ఉండే నీటికుక్కల్లాంటివే, ఇక్కడ పగటిపూట సముద్రపు నాచు మీదే పీతని కొరుకుతూ కనిపిస్తాయి. దాన్ని వెతుకుతూ తీరమంతా బైనాక్యులర్లతో గాలించేసరికి దారిలో పక్షులెలాగూ కనిపిస్తాయి, వాళ్ళకి తెలియకుండానే మనలో కలిసిపోతారు.

మిడ్జెస్ అంత దారుణమా?

అవును. దోమల దేశం నుంచి వచ్చాం, మాకేంటి అనుకుంటాం. దోమ ఒక్కటొక్కటిగా వస్తుంది, ఇవి మబ్బులా వస్తాయి. కంటికి కనిపించీ కనిపించనంత చిన్నవి, జుట్టులోకి, చెవుల్లోకి దూరిపోతాయి. గాలి ఏమాత్రం వీచినా ఎగరలేవు, ఎండ బాగా ఉన్నా రావు. గాలి లేని, మబ్బు పట్టిన సాయంత్రం వాటిది. తలమీద వేసుకునే వల కొనండి, స్మిడ్జ్ అనే క్రీమ్ అక్కడ షాపుల్లో దొరుకుతుంది, కాటేజీ కిటికీలు సాయంత్రం మూసేయండి.

మిడ్జెస్ చికాకే గానీ ప్రమాదం లేదు. గడ్డిలో ఉండే టిక్స్ వేరు, కొన్నిటి వల్ల లైమ్ వ్యాధి వస్తుంది. ప్యాంటు సాక్సుల్లోకి దోపుకోండి, రాత్రి స్నానం చేసేటప్పుడు మోకాళ్ళ వెనక, చంకల్లో చూసుకోండి, ఉంటే టిక్ రిమూవర్‌తో తీసెయ్యండి. తర్వాత చర్మం మీద ఎర్రటి వలయం కనిపిస్తే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, ఆలస్యం చేయకూడదు.

ఏ బట్టలు తీసుకెళ్ళాలి?

వానకి తడవని జాకెట్, వానకి తడవని ప్యాంటు, లోపల పల్చటివి రెండు మూడు పొరలు, ఉన్ని టోపీ. జూన్‌లో కూడా. గొడుగు ఇంట్లో పెట్టి రండి, ఆ గాలికి నిలవదు. జీన్స్ తడిస్తే రెండ్రోజులు ఆరదు.

తిండి సంగతి? శాకాహారులున్నారు.

కిచెన్ ఉన్న కాటేజీ తీసుకుంటే సమస్యే లేదు. బియ్యం, కందిపప్పు, పోపు సామాన్లు గ్లాస్గోలో ఇండియన్ షాపులో కొనేసి కారులో వేసుకోండి, టోబర్‌మోరీలో సూపర్‌మార్కెట్ ఉంది గానీ కరివేపాకు ఆశించకండి. ఇండియా నుంచి ఆవకాయ తెచ్చుకోవచ్చు, నెయ్యి, పాలతో చేసిన స్వీట్లు, మాంసం పచ్చళ్ళు మాత్రం బ్రిటన్‌లోకి తేకూడదు, ఎయిర్‌పోర్ట్‌లో తీసేసుకుంటారు. అమ్మ కట్టిచ్చిన పూతరేకుల్లో నెయ్యి ఉంటుందని మర్చిపోకండి. తాలింపు వేసేముందు కిటికీ తెరవండి, ఫైర్ అలారం మోగితే చుట్టుపక్కల పక్షులన్నీ లేచిపోతాయి. చేపలు తినేవాళ్ళకి చెప్పక్కర్లేదు, రేవులోనే దొరుకుతాయి.

గూళ్ళ ఫొటోలు తీసుకోవచ్చా?

ఈగిల్ లాంటి పక్షుల గూటి దగ్గర వాటికి ఇబ్బంది కలిగించడం 1981 చట్టం ప్రకారం నేరం, "ఫొటో కోసమే కదా" అంటే చెల్లదు. డ్రోన్ తేవద్దు. స్కాట్లండ్‌లో 2003 చట్టం వల్ల పంట వేయని పొలాల్లో, కొండల్లో బాధ్యతగా నడవొచ్చు, అలాగని గొర్రెలు ఈనే చోట అడ్డంగా పోకూడదు, గేటు ఎలా ఉంటే అలాగే వదిలి రావాలి. చచ్చిపోయిన సముద్రపక్షి కనిపిస్తే ముట్టుకోకండి, 2022లో బర్డ్ ఫ్లూ వచ్చి గానెట్లు, స్కువాలు పెద్దసంఖ్యలో పోయాయి.

మొబైల్ సిగ్నల్ ఉంటుందా?

ఉన్నచోట ఉంటుంది. మ్యాప్‌లు ఆఫ్‌లైన్‌లో పెట్టుకోండి, విడిపోయే ముందు ఎక్కడ, ఎన్నింటికి కలవాలో నోటితో చెప్పుకోండి.

మన దగ్గర చూసే పక్షులేమైనా కనిపిస్తాయా?

కనిపిస్తాయి. తీరంలో కదలకుండా నిలబడే బూడిదరంగు కొంగ మన నారాయణపక్షే. ఊళ్ళో పిచ్చుక అదే పిచ్చుక. మేలో దీవంతా కుక్కూ కుక్కూ అని వినిపిస్తుంది, అది మన కోకిల కాదు, దాని చుట్టం. మనది కాకి గూట్లో గుడ్డు పెడితే ఇది మీడో పిపిట్ అనే చిన్న పిట్ట గూట్లో పెడుతుంది, పెంచేది మటుకు రెండుచోట్లా వేరేవాళ్ళే. కాకినాడ దగ్గర కోరింగలో కనిపించే తెల్లపొట్ట సముద్రపు గద్దా, మల్ తెల్లతోక గద్దా దగ్గరి చుట్టాలే. ఈ సెలవు వీలుకానివాళ్ళు అక్కడికెళ్ళి దాన్ని చూడండి, వీసా అక్కర్లేదు.

తిరిగొచ్చే రోజు ఫెర్రీ రద్దయితే?

అవుతుంది, గాలి వల్లో మరమ్మతు వల్లో. తర్వాతి ఫెర్రీలోకి మార్చమని కౌంటర్లో అడగండి. కారు ఉంటే దీవికి తూర్పున ఫిష్‌నిష్ నుంచి అవతలి ఒడ్డున లాక్‌అలైన్‌కి చిన్న ఫెర్రీ ఉంది, అటునుంచి రోడ్డు చుట్టూ తిరిగి పోవాలి, పూటంతా పడుతుంది గానీ దారి బావుంటుంది. దీవి వదిలిన రోజే హైదరాబాద్ విమానం పెట్టుకోకండి, మధ్యలో ఒక రాత్రి గ్లాస్గోలో ఉండేలా బుక్ చేయండి. ఎడిన్‌బరో చూడాల్సిందేనని గ్రూపులో ఎవరైనా ఇంకా పట్టుబడుతుంటే ఆ మిగిలిన పూట వాళ్ళని రైలెక్కించండి, గంటలో చేరిపోతారు.